బాబు రక్తం మీకు అక్కర్లేదమ్మా

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండు నెలల క్రితం ఆఫీసులో అందరూ చేయించుకుంటుంటే నేనూ 'బయోలాజికల్ ఏజ్' రక్తపరీక్ష చేయించుకున్నాను. తొమ్మిది అంశాలు చూసి నా శరీరం వయసు 53 అని రిపోర్టు ఇచ్చారు. అప్పటినుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. మా అమ్మ 61 ఏళ్లకే గుండెజబ్బుతో పోయింది. నాకూ అదే రాసిపెట్టి ఉందేమోనని భయంగా ఉంది. మా అబ్బాయికి 20 ఏళ్లు. కుర్రవాళ్ల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించుకుంటే వయసు వెనక్కి వెళ్తుందని ఎక్కడో చదివాడట. "అమ్మా, నాది తీసుకో, నాకేం కాదు" అంటున్నాడు. ఎక్కించే క్లినిక్ కూడా వెతికిపెట్టాడు. మా మరిది టారిన్ మాత్రలు తెచ్చి ఇచ్చాడు. నేను శాంపిల్ ఇచ్చింది వైరల్ జ్వరం తగ్గిన ఐదో రోజున. రిపోర్టులో సీఆర్‌పీ 9, ఆర్‌డీడబ్ల్యూ 16.8 ఉన్నాయి, మిగతావన్నీ మామూలే అన్నారు. ఏడాదిగా నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోంది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. నిజంగా రక్తంలో వయసు ఉంటుందా? బాబు మాట వినమంటారా?

సమాధానం: ముందు చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను, మీరు ఈ రాత్రయినా కాస్త నిద్రపోవాలి కాబట్టి. బాబు ప్లాస్మా ఎక్కించుకోవద్దు. ఆ క్లినిక్‌కి వెళ్లొద్దు. మీ ఉత్తరం చదివాక నన్ను కంగారుపెట్టింది 53 అన్న అంకె కాదు. ఏడాదిగా నెలసరిలో ఎక్కువ రక్తం పోతోందనీ మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ మీరు చివర్లో, అదేదో చిన్న విషయమన్నట్టు రాశారు. నా కంగారంతా అక్కడే. దాని సంగతి వివరంగా చెప్తాను.

రక్తంలో వయసు ఉంటుందా అన్నది మంచి ప్రశ్న. ఉంటుంది, కొంతవరకు. మన ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటే అందులో సగానికి పైగా ప్లాస్మాయే. అదంతా గుండె నుంచి బయల్దేరి ఒళ్లంతా తిరిగి రావడానికి ఒక నిమిషం చాలు. కాలేయం, కండరాలు, కొవ్వు, మెదడు, ఎముకల్లోని మూలుగ అన్నీ తమ కబుర్లు ఆ ప్రవాహంలోనే వదులుతాయి. హార్మోన్లు, ప్రొటీన్లు, చక్కెరలు, కొవ్వులు వేల రకాలుగా అందులో తిరుగుతుంటాయి. ఒక అవయవం అలసిపోతే ఆ సంగతి నిమిషంలో మిగతావాటికి చేరుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ కబుర్ల తీరు మారుతుంది. కొన్ని తగ్గిపోతాయి, కొన్ని అవసరం లేకపోయినా అదేపనిగా వస్తూనే ఉంటాయి.

మీ అబ్బాయి చదివినదానికి మూలం చిట్టెలుకల మీద జరిగిన ప్రయోగాలు. రెండు జంతువులను పక్కపక్కన కుట్టి వాటి రక్తప్రసారాన్ని కలిపే పద్ధతిని 1860ల్లో ఫ్రాన్స్‌లో పాల్ బెర్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. చాలాకాలం తర్వాత, 2005లో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో థామస్ రాండో బృందం ఒక ముసలి చిట్టెలుకను ఒక కుర్ర చిట్టెలుకతో అలా కలిపి చూసింది. ముసలిదాని కండరానికి గాయం చేస్తే, మామూలుగా సరిగ్గా మానని ఆ గాయం ఈసారి కుర్రదానిలో మానినట్టే మానింది. కుర్రదాని కణాలు వచ్చి బాగుచేశాయేమో అని వెతికారు. అవి దాదాపు కనిపించనే లేదు. ముసలిదాని సొంత మూలకణాలే నిద్రలేచి పనిచేశాయి. అంటే వాటికి శక్తి పోలేదు, రక్తం ద్వారా అందే పిలుపు మారిపోయింది. నాకు ఇది ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతే. ముసలితనం అంటే అరిగిపోవడం ఒక్కటే అనుకునేవాళ్లందరినీ ఆ ఫలితం ఆలోచనలో పడేసింది.

అయితే ఆ వార్త జనంలోకి వచ్చేసరికి సగమే వచ్చింది. మిగతా సగం మీ అబ్బాయికి చెప్పండి.

అలా కుట్టినప్పుడు ముసలి చిట్టెలుకకు దక్కింది రక్తం ఒక్కటే కాదు. కుర్రదాని కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు కూడా వారాల తరబడి దాని రక్తాన్ని శుభ్రం చేశాయి. ఒక సంచి ప్లాస్మా ఎక్కించడానికీ దీనికీ పోలికే లేదు. ఈ చిక్కు విడదీయాలని బర్క్‌లీలో ఇరీనా కాన్‌బాయ్, మైఖేల్ కాన్‌బాయ్ దంపతులు 2016లో చిట్టెలుకలను కుట్టకుండా, చిన్న పరికరంతో వాటి రక్తాన్ని మాత్రమే సగం సగం మార్చారు. అప్పుడు తేలిందేమిటంటే, కుర్ర రక్తం ముసలిదానికి చేసిన మేలు కన్నా ముసలి రక్తం కుర్రదానికి చేసిన చెడు ఎక్కువ. వాళ్లే 2020లో ఇంకో అడుగు ముందుకు వేశారు. ముసలి చిట్టెలుకల ప్లాస్మా సగం తీసేసి, దాని బదులు ఉప్పునీరు, అల్బుమిన్ ప్రొటీన్ కలిపి ఎక్కించారు. కుర్ర రక్తం ఒక్క చుక్క కూడా లేదు. అయినా కండరం బాగా కోలుకుంది, మెదడులో కొత్త కణాలు పెరిగాయి, కాలేయంలో కొవ్వు తగ్గింది. అంటే అక్కడ పనిచేసింది కొత్తగా ఏదో చేరడం కన్నా, పేరుకుపోయినవి పలచబడటం.

ఆ పేరుకుపోయేవాటిలో కొన్నింటి పేర్లు ఇప్పుడు తెలుసు. 2011లో స్టాన్‌ఫర్డ్‌లోనే టోనీ విస్-కోరే బృందం సీసీఎల్11 అనే ప్రొటీన్ వయసుతోపాటు రక్తంలో పెరుగుతుందని గమనించింది. ఆ ఒక్కదాన్నే కుర్ర చిట్టెలుకలకు ఎక్కిస్తే వాటి మెదడులో కొత్త కణాలు పుట్టడం తగ్గింది, జ్ఞాపకశక్తి మందగించింది. ఇవి కాక, విభజన ఆగిపోయినా చావకుండా మిగిలిపోయే ముదురు కణాలు ఉంటాయి. అవి చుట్టూ వాపు పుట్టించే పదార్థాలను వదులుతుంటాయి. ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే ఒంట్లో సన్నగా రగులుతూ ఉండే ఈ వాపును శాస్త్రవేత్తలు ముసలితనానికి పెద్ద గుర్తుగా చూస్తున్నారు. పొట్ట దగ్గరి కొవ్వు, చిగుళ్ల జబ్బు, పొగ, అదుపులో లేని షుగర్, ఏళ్ల తరబడి నిద్రలేమి, ఇవన్నీ ఆ మంటకు పుల్లలు వేసేవే.

మరి కుర్ర రక్తంలో మంచి చేసే పదార్థం లేదా? ఉందని 2013లో పెద్ద ఆశ రేగింది. జీడీఎఫ్11 అనే ప్రొటీన్ ముసలి చిట్టెలుకల గుండె కండరాన్ని మామూలు స్థితికి తెచ్చిందని హార్వర్డ్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. రెండేళ్లు తిరక్కుండానే, 2015లో, ఇంకో బృందం ఆ కొలతలనే తప్పుపట్టింది. హార్వర్డ్ వాళ్లు వాడిన పరీక్ష జీడీఎఫ్11ను, దాన్ని చాలావరకు పోలి ఉండే ఇంకో ప్రొటీన్‌ను వేరు చేయలేకపోయిందని, పైగా జీడీఎఫ్11 ఎక్కువైతే కండరం కోలుకోవడం దెబ్బతింటుందని చూపించింది. ఒకరిని తక్కువ చేయడానికి చెప్పడం లేదు ఇది. సైన్స్ నడిచే తీరే ఇది. కానీ మొదటి వార్త విని ఇంజెక్షన్ కోసం పరిగెత్తినవాళ్లకు రెండో వార్త వినే తీరిక ఉండదు.

ఇక మనుషుల సంగతి. రక్తం ఎక్కించడం కోట్ల మందికి జరుగుతున్న పనే కదా, కుర్రవాళ్ల రక్తానికి అంత మహిమ ఉంటే అక్కడ కనిపించాలి. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో రక్తం ఎక్కించుకున్న సుమారు 9.7 లక్షల మంది వివరాలు తీసి 2017లో చూశారు. దాత కుర్రవాడైనా పెద్దవాడైనా, రక్తం ఎక్కించుకున్నవాళ్ల ఆయుష్షులో తేడా కనపడలేదు. అమెరికాలో కుర్రవాళ్ల ప్లాస్మాను అమ్ముతున్న క్లినిక్‌లను చూసి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఫిబ్రవరిలో బహిరంగ హెచ్చరిక చేసింది. ముసలితనానికైనా, మతిమరుపుకైనా ఇది పనిచేస్తుందన్న రుజువు లేదు, ప్రమాదాలు మాత్రం ఉన్నాయి అని. అమెరికా వ్యాపారి బ్రయాన్ జాన్సన్ 2023లో తన 17 ఏళ్ల కొడుకు ప్లాస్మా ఎక్కించుకున్నాడు. మీ అబ్బాయి చదివింది బహుశా ఈయన గురించే. ప్రయోజనమేమీ కనిపించలేదని ఆయనే చెప్పి ఆపేశాడు. ఆ చివరి ముక్క కూడా బాబుకు చూపించండి.

ప్రమాదాలు అంటే ఏమిటో కూడా చెప్పాలి. ప్లాస్మా ఎక్కించినప్పుడు తీవ్రమైన అలర్జీ రావచ్చు. ఒక్కోసారి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడని పరిస్థితి వస్తుంది. ప్రాణం నిలపడానికి ఎక్కిస్తున్నప్పుడు ఈ ప్రమాదం భరించదగ్గది, ఊరికే ఎక్కించుకోవడానికి కాదు. ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. కొడుకు, కూతురు, తోబుట్టువులు వంటి దగ్గరివాళ్ల రక్తాన్ని మామూలుగా ఎక్కిస్తే, అందులోని తెల్లకణాలను మన ఒళ్లు పరాయివిగా గుర్తించలేకపోవచ్చు. అవి మన ఒంట్లోనే పాతుకుని మన కణాల మీదే దాడి చేస్తాయి. చాలా అరుదు, కానీ వచ్చిందంటే బతకడం కష్టం. అందుకే దగ్గరి బంధువుల రక్తం తప్పనిసరైతే దానికి ముందుగా రేడియేషన్ ఇస్తారు. ఫ్రీజ్ చేసి నిల్వచేసిన ప్లాస్మాతో ఈ భయం దాదాపు ఉండదు. కానీ వయసు తగ్గిస్తామని ఆశపెట్టే చోట ఏ సంచిలో ఏముందో ఎవరు చూస్తారు? సొంతవాళ్ల రక్తమైతే మంచిదన్న నమ్మకం మనలో బలంగా ఉంది. ఈ విషయంలో అది నిజం కాదు.

ఇప్పుడు మీ 53 సంగతి. తొమ్మిది అంశాలు చూశారన్నారు కాబట్టి, 2018లో మోర్గాన్ లెవీన్ తదితరులు తయారుచేసిన లెక్కనో, అలాంటిదాన్నో వాడి ఉంటారు. అల్బుమిన్, క్రియాటినిన్, గ్లూకోజ్, సీఆర్‌పీ, తెల్లకణాల సంఖ్య వంటి మామూలు రక్తపరీక్షలనే అసలు వయసుతో కలిపి లెక్కగట్టి ఒక అంకె ఇస్తారు. వేలమందిని కలిపి చూస్తే ఆ అంకె ఎక్కువ ఉన్నవాళ్లకు జబ్బుల బెడద ఎక్కువన్నది నిజమే. కానీ ఒక్క మనిషికి, ఒక్క రోజు తీసిన శాంపిల్‌తో వచ్చిన అంకెను జాతకంలా చదవకూడదు.

మీ విషయంలో ఆ అంకె ఎందుకు పెరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. సీఆర్‌పీ అనేది వాపు ఉన్నప్పుడు కాలేయం తయారుచేసే ప్రొటీన్. జ్వరంతో అది ఎగబాకుతుంది, తగ్గాక కొన్ని రోజులకు దిగుతుంది. మీరు ఐదో రోజున శాంపిల్ ఇచ్చారు. ఆ 9లో ఎంత మీ వయసుదో, ఎంత ఆ వైరస్‌దో ఎవరూ చెప్పలేరు. ఒంటికి కష్టం వస్తే ఇలాంటి కొలతలు పెరిగి మళ్లీ దిగుతాయని 2023లో హార్వర్డ్ పరిశోధకులు చూపించారు. వాళ్లు చూసింది డీఎన్ఏ మీది గుర్తులతో కట్టే లెక్కలను. తుంటి ఎముక విరిగి అత్యవసరంగా ఆపరేషన్ చేయించుకున్న వృద్ధుల్లో ఒక్క రోజులో ఆ వయసు పెరిగింది, కొద్ది రోజుల్లోనే తిరిగి దిగింది. గర్భం దాల్చినప్పుడు పెరిగి కాన్పయ్యాక తగ్గింది. వయసు అంకె ముందుకే తప్ప వెనక్కి రాదని మీరు అనుకుంటున్నట్టున్నారు. అలా ఏమీ లేదు.

రెండోది ఆర్‌డీడబ్ల్యూ. ఎర్రకణాల సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే కొలత అది. మామూలుగా 14.5 లోపు ఉంటుంది. ముసలితనం లెక్కలో దానికి చాలా బరువు ఇస్తారు. అయితే మీ వయసు ఆడవాళ్లలో అది పెరగడానికి అన్నిటికన్నా మామూలు కారణం ఐరన్ లోపం. నెలనెలా ఎక్కువ రక్తం పోతూ, మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి 16.8 వచ్చిందంటే నేను ముందు వెతికేది ముసలితనాన్ని కాదు, ఐరన్‌ను. వెంటనే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించుకోండి. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ప్రొటీన్. జ్వరం, వాపు ఉన్నప్పుడు అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అందుకే సీఆర్‌పీతో పాటే చేయించండి. థైరాయిడ్ కూడా. లోపం ఉంటే డాక్టరు చెప్పినంతకాలం ఐరన్ వాడండి. ఓపిక రాగానే ఆపేయొద్దు, నిల్వలు నిండటానికి నెలలు పడుతుంది.

ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. 45 దాటాక నెలసరి ఎక్కువైతే 'ఈ వయసులో మామూలే' అని ఊరుకోకూడదు. గర్భాశయంలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) కావచ్చు, హార్మోన్ల మార్పు కావచ్చు. గర్భాశయం లోపలి పొరను కూడా పరీక్షించాలి. చాలామందికి తేలిగ్గా నయమయ్యే కారణమే దొరుకుతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు అందరి రిపోర్టులూ దాచిపెడతారు, తమ ఒంటి సంగతి మాత్రం చివరి వాక్యంలో రాస్తారు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు బాధ కలిగింది ఇక్కడే.

అమ్మగారి గురించి రాశారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. తల్లికి 65 ఏళ్ల లోపే గుండెజబ్బు వస్తే పిల్లలు జాగ్రత్తగా ఉండాల్సిందే. ఆ ఆయాసం రక్తం తక్కువై వస్తున్నా సరే, ఒకసారి ఈసీజీ తీయించుకోండి, బీపీ చూపించుకోండి. ఆయాసంతో పాటు ఛాతీలో బిగపట్టినట్టు ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. రక్తపరీక్షల్లో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. లైపోప్రొటీన్-ఏ అనే పరీక్ష ఉంది, అది జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. దాని స్థాయి చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చిందే ఉంటుంది, వయసుతో పెద్దగా మారదు. రక్తంలో తిరుగుతూ రక్తనాళాలను నిజంగా ముసలివి చేసే పదార్థం ఏదని నన్నడిగితే, ముందు ఎల్‌డీఎల్ పేరే చెప్తాను. దాన్ని తగ్గించే మందులు ఉన్నాయి, అవి గుండెపోటును తగ్గిస్తాయని దశాబ్దాల రుజువు ఉంది. మీ అమ్మగారి కాలంలో ఇన్ని అందుబాటులో లేవు. మీకు ఉన్నాయి.

ఇంకో మాట. ఒళ్లంతటికీ ఒకే వయసు ఉండదు. 5,676 మంది ప్లాస్మాలోని ప్రొటీన్లను చూసి 11 అవయవాల వయసును విడివిడిగా అంచనా వేసిన పరిశోధన 2023లో వచ్చింది. దాదాపు 20 శాతం మందిలో ఏదో ఒక అవయవం మాత్రమే మిగతావాటికన్నా బాగా ముదిరి కనిపించింది. గుండె ముదిరినట్టు కనిపించినవాళ్లకు గుండె విఫలమయ్యే ప్రమాదం ఎక్కువగా ఉంది. రేపు ఈ పరీక్షలే మన వైద్యాన్ని మార్చవచ్చు, నాకు ఆ ఆశ గట్టిగా ఉంది. కానీ అన్నీ కలిపి 53 అని ఒకే అంకె చేతిలో పెడితే ఏ అవయవానికి ఏం చేయాలో తెలియదు, టెన్షన్ తప్ప.

టారిన్ మాత్రలు మరిదిగారికి తిరిగి ఇచ్చేయండి. 2023లో విజయ్ యాదవ్ బృందం టారిన్ అనే పదార్థం ఒంట్లో వయసుతో తగ్గుతుందని, దాన్ని ఇస్తే చిట్టెలుకలు 10 నుంచి 12 శాతం ఎక్కువకాలం బతికాయని చెప్పింది. 2025లో అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ శాస్త్రవేత్తలు మనుషుల్లోనూ కోతుల్లోనూ ఏళ్ల తరబడి కొలిచి చూస్తే వయసుతో అది తగ్గలేదు, చాలామందిలో అలాగే ఉంది లేదా పెరిగింది. మనుషులకు ఆయుష్షు పెంచుతుందన్న రుజువు లేదు.

రక్తంలోని కబుర్లను మార్చగలిగింది మీ చేతిలో ఒకటుంది, నడక. తేలిగ్గా తీసేయకండి, దీని వెనక మంచి పరిశోధన ఉంది. 2020లో కాలిఫోర్నియాలో సాల్ విల్లేడా బృందం చక్రం మీద పరిగెత్తే ముసలి చిట్టెలుకల ప్లాస్మాను తీసి, కదలకుండా ఉండే ముసలి చిట్టెలుకలకు ఎక్కించింది. వాటి జ్ఞాపకశక్తి మెరుగైంది. కారణం వెతికితే జీపీఎల్‌డీ1 అనే ఎంజైమ్ దొరికింది. వ్యాయామం చేస్తే కాలేయం దాన్ని రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది. అది మెదడులోకి చాలా కొద్దిగానే వెళ్లగలదు, అయినా బయట నుంచే మెదడుకు మేలు చేస్తోంది. రోజూ 7,100 అడుగులకు పైగా నడిచే పెద్దవయసువాళ్ల రక్తంలో, తక్కువ నడిచేవాళ్లకన్నా, అది ఎక్కువ ఉందని కూడా అదే పరిశోధనలో తేలింది. చూశారా, ఇక్కడ మేలు చేసిన ప్లాస్మా కూడా ముసలివాటిదే.

అయితే మీరు రేపే మొదలుపెట్టొద్దు. ఈసీజీ, హిమోగ్లోబిన్ చూసి డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టండి. రక్తం బాగా తక్కువ ఉన్నప్పుడు బలవంతంగా నడిస్తే ఆయాసం పెరుగుతుంది. మొదట పది నిమిషాలు, ఓపిక వచ్చేకొద్దీ పెంచుకోండి. నిద్ర కోసం ఆ రిపోర్టును బీరువాలో పెట్టి, పడుకునే ముందు దాని గురించి ఫోన్‌లో వెతకడం మానేయండి.

బాబుతో మాట్లాడేటప్పుడు వాడి ఆలోచనను తప్పుపట్టకండి. 20 ఏళ్ల పిల్లాడు తల్లికి తన రక్తం ఇస్తానన్నాడంటే వాడు ఎంత భయపడ్డాడో ఆలోచించండి. మీకు నిద్ర లేకపోవడం వాడు చూస్తూనే ఉన్నాడు. రక్తం ఇవ్వాలన్న మనసు ఉంటే, ఆరోగ్యంగా ఉన్నవాడు కాబట్టి, బ్లడ్ బ్యాంకులో ఇవ్వమనండి. ప్రమాదంలో రక్తం పోయినవాళ్లకో, కాన్పు కష్టమైన తల్లికో అది నిజంగా ప్రాణం పోస్తుంది. మీకోసం వాడు చేయగలిగింది ఒకటుంది. గైనకాలజిస్టు దగ్గరికి మీతో రావడం. అపాయింట్‌మెంట్ వాడినే తీసుకోమనండి.

ఈసారి కూడా సీఆర్‌పీ ఎక్కువగానే వస్తే, జ్వరం, జలుబు లేకుండా కనీసం మూడు వారాలు గడిచాక దాన్ని మళ్లీ చేయించండి. ఫెరిటిన్, హిమోగ్లోబిన్ కోసం మాత్రం ఆగొద్దు, రేపే ఇవ్వండి. రిపోర్టులు రాగానే నాకు రాయండి. ఈసారి ఉత్తరంలో ముందు మీ ఆయాసం సంగతి రాయండి, ఆ అంకె సంగతి తర్వాత.